కన్నొకచోట, లెన్సొకచోట

ఎస్సెల్లార్ కెమెరాతో తీసిన ప్రతి ఫోటోలోనూ ఒక తమాషా ఉంది. ఆ ఫోటోలో నిలిచిపోయిన క్షణాన్ని, దాన్ని తీసిన మనిషి చూసి ఉండరు. మీట నొక్కగానే కెమెరా లోపలి అద్దం పైకి లేస్తుంది. కంటి ముందు చీకటి. ఆ చీకట్లోనే షట్టర్ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అద్దం కిందికి దిగి మళ్లీ వెలుగొచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. తాళి కట్టే వేళ పెళ్లికూతురు కళ్లు తెరిచే ఉందా, రెప్ప వేసిందా అన్నది రీలు కడిగించి ప్రింట్లు వేయించాక గానీ తేలదు.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఈ చీకటి ఉండదు. దాని కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. షట్టర్ పడే క్షణంలో కూడా ఎదుట జరిగేది కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ కిటికీకీ లెన్సుకూ చూపు వేరు. లెన్సు మీద మూత అలాగే ఉండిపోయినా, వేలు అడ్డం పడినా, ఫోకస్ పూర్తిగా తప్పినా కిటికీలో లోకం తళతళలాడుతూనే కనిపిస్తుంది. ఎంతో శ్రద్ధగా రీలంతా మూతకే ఫోటోలు తీసి, స్టూడియోవాడు కడగడంలో పాడుచేశాడని వాడితో తగువు పెట్టుకునే అవకాశం ఈ కెమెరా మాత్రమే ఇస్తుంది.

ఒకటి ఆ క్షణాన్ని చూపదు, రెండోది లెన్సు చూసేదాన్ని చూపదు. వీటిలో ఏ లోపాన్ని భరించగలం అన్నది తీయబోయే బొమ్మను బట్టి ఉంటుంది. ఫిల్ము మీద మళ్లీ మోజు పుట్టిన ఈ రోజుల్లో, బీరువా అడుగు నుంచి నాన్నగారి యాషికానో మేనమామ గారి జెనిట్‌నో బయటికి తీసిన కుర్రకారు "ఈ రెండు రకాల్లో ఏది మంచిది?" అని అడుగుతుంటారు. కంపెనీ పేర్లు చెప్పి జవాబిచ్చేవాళ్లకు కొదవ లేదు. నన్నడిగితే జవాబు జ్యామితిలో ఉంది. హైస్కూలు త్రిభుజాలు చాలు, అంతకు మించి అక్కర్లేదు.

బొటనవేలిని ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి చూడండి. తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. ఎదుటి గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. వేలు ముఖానికి దగ్గరగా ఉంటే పెద్ద గెంతు, చెయ్యి చాపితే చిన్న గెంతు. దూరాన్ని కొలవడానికి ఆ గెంతు ఒక్కటే చాలు. రేంజ్‌ఫైండర్ చేసేది ఇదే. కెమెరా ముందు భాగంలో ఒకదానికొకటి కాస్త ఎడంగా రెండు కిటికీలుంటాయి. కన్ను చూసే కిటికీలో, కాంతిని సగం పోనిచ్చి సగం తిప్పికొట్టే పలచటి పూతగల అద్దం ఉంటుంది. రెండో కిటికీ నుంచి వచ్చిన బొమ్మను మరో అద్దమో పట్టకమో మళ్లించి దీని మీద పడేస్తుంది. అందువల్ల మధ్యలోని చిన్న చతురస్రంలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పితే, దాని వెనక అంచు కెమెరా లోపలున్న చిన్న చక్రాన్ని తోస్తుంది, ఆ కదలికకు రెండో బొమ్మ జరుగుతుంది. ఇద్దరూ ఒక్కరైపోయిన చోట ఆపితే ఫోకస్ కుదిరినట్టే.

ఈ ఉపాయం ఫోటోగ్రాఫర్ల కోసం పుట్టింది కాదు. శత్రువు ఓడ ఎంత దూరంలో ఉందో తెలియనిదే ఫిరంగి గుండు ఎక్కడ పడేయాలో తెలియదు కాబట్టి, కెమెరాల కన్నా ముందే ఫిరంగిదళాల్లో, యుద్ధనౌకల్లో దూరమాపకాలు, అంటే రేంజ్‌ఫైండర్లు, ఉండేవి. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కొలత అంత నిక్కచ్చి. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ యుద్ధనౌక యమాటో మీద ఆ ఎడం 15 మీటర్లు. ఆ దూరమాపకాన్ని తయారు చేసిన సంస్థ నిప్పన్ కోగాకు. తర్వాతి కాలంలో మనం నికాన్ అని పిలుచుకున్నది దాన్నే.

కెమెరాలో పదిహేను మీటర్లు కుదరవు. జర్మనీలో వెట్జ్లార్ పట్టణంలోని లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో బజారుకొచ్చినప్పుడు అందులో దూరమాపకమే లేదు. దూరాన్ని అంచనా వేసుకోవాలి, లేదా విడిగా కొని పైన తగిలించుకోవాలి. 1932లో లైకా 2 వచ్చాక దూరమాపకం లెన్సుతో కలిసి కదలడం మొదలైంది. అదే ఏడాది పోటీ సంస్థ జైస్ ఐకాన్ కాంటాక్స్‌ను తెచ్చింది. 1954 నాటి లైకా ఎం3లో బొమ్మ కూర్చుకునే కిటికీ, ఫోకస్ చూసుకునే కిటికీ ఒకటైపోయాయి. దాని ముందు భాగంలోని రెండు కిటికీల మధ్య ఎడం దాదాపు 69 మి.మీ. అందులో దృశ్యం కంటికి కనిపించే దానిలో 0.91 వంతు పరిమాణంలో కనిపిస్తుంది కాబట్టి, లెక్కకొచ్చే ఎడం 62 మి.మీ. పైచిలుకు. తర్వాతి లైకాల్లో చాలావాటికి ఆ వంతు 0.72. అంటే లెక్కకొచ్చే ఎడం 50 మి.మీ.కు కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు త్రిభుజం గీద్దాం. 69 మి.మీ. పునాది మీద, మీటరు దూరంలోని వస్తువు చేసే కోణం దాదాపు 4 డిగ్రీలు. 2 మీటర్లకు జరిగితే 2 డిగ్రీలు. 10 మీటర్ల దగ్గర 0.4, ఇరవై దగ్గర 0.2. దగ్గర్లో ఒక్క మీటరు కదిలితే 2 డిగ్రీల తేడా వస్తే, దూరాన పది మీటర్లు కదిలినా తేడా 0.2 డిగ్రీయే. మన కన్ను పట్టుకోగలిగిన కనీస తేడా డిగ్రీలో అరవయ్యో వంతు అనుకుందాం. లెక్కకొచ్చే ఎడం 50 మి.మీ. ఉన్న కెమెరాలో మీటరు దగ్గర జరిగే పొరపాటు 6 మి.మీ.; 5 మీటర్ల దగ్గర దాదాపు 15 సెం.మీ.; పది మీటర్ల దగ్గర అరమీటరు దాటిపోతుంది. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు.

అరమీటరు తప్పంటే కంగారు పుడుతుంది. కానీ ఇక్కడ ఫోటోగ్రాఫర్ అదృష్టం ఒకటుంది. ఫోకస్ పెట్టిన చోటికి కాస్త ముందూ కాస్త వెనకా కూడా బొమ్మ పదునుగానే కనిపిస్తుంది. దాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఆ మేర కూడా దూరం రెట్టింపైతే ఇంచుమించు నాలుగింతలవుతుంది! తప్పూ, తప్పును కడుపులో పెట్టుకునే మేరా ఒకే లెక్కన పెరుగుతాయి. ఫిల్ము మీద 0.03 మి.మీ. మసకను కన్ను పట్టించుకోదన్న పాత లెక్క ప్రకారం, 50 మి.మీ. లెన్సును పూర్తిగా తెరిచి ఎఫ్/1.4 దగ్గర వాడినా మీటరు దూరంలో అటూ ఇటూ 17 మి.మీ. దాకా మన్నింపు ఉంది, తప్పు ఆరే. ఐదు మీటర్ల దగ్గర మన్నింపు 42 సెం.మీ., తప్పు పదిహేను. అంటే మీటరు దగ్గర నెగ్గిన రేంజ్‌ఫైండర్ ఆ లెన్సుతో ఎంత దూరంలోనైనా నెగ్గుతుంది. చీకటి గదుల్లో, దీపాల వెలుగులో దీన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చంటే కారణం ఇదే.

లెన్సు మారిస్తే కథ మారుతుంది. మన్నించే మేర లెన్సు నాభ్యంతరం, అంటే దాని మి.మీ. అంకె, పెరిగే కొద్దీ, ఆ పెరుగుదల వర్గం లెక్కన తగ్గిపోతుంది. రేంజ్‌ఫైండర్ తప్పు మాత్రం తగ్గదు, ఎందుకంటే అది లెన్సులో లేదు, కెమెరా ఒంట్లో ఉంది. 135 మి.మీ. లెన్సు, ఎఫ్/2.8, ఐదు మీటర్ల దూరం: మన్నింపు 11 లేదా 12 సెం.మీ., తప్పు పదిహేను. ఓడిపోయింది. అందుకే లైకావాళ్లు తమ 135 మి.మీ. ఎఫ్/2.8 లెన్సుకు కళ్లజోడు లాంటి అదనపు అద్దాలు బిగించి, కెమెరా కిటికీలకు అవి అడ్డంగా వచ్చేట్టు చేశారు. వాటి వల్ల కిటికీలో దృశ్యం పెద్దదై తప్పు కొంత తగ్గుతుంది. చూడ్డానికి మాత్రం కెమెరా ముసలి గుమాస్తాలా తయారవుతుంది. 135 దాటాక రేంజ్‌ఫైండర్ దారి అక్కడితో సరి.

ఎస్సెల్లార్ ఈ చిక్కును మొదలంటా తప్పించుకుంది. లెన్సులోంచి వచ్చిన కాంతిని నలభై ఐదు డిగ్రీల అద్దం పైనున్న గరుకు గాజు మీదికి పంపుతుంది. ఫిల్ము ఎంత దూరంలో ఉందో ఆ గాజూ అంతే దూరంలో ఉంటుంది. గాజు మీద పదునుగా ఉంటే ఫిల్ము మీదా పదునే. లెక్కలు లేవు, చక్రాలు లేవు. 200 మి.మీ. లెన్సు పెడితే గాజు మీద బొమ్మ 50 మి.మీ. లెన్సుతో కన్నా నాలుగు రెట్లు పెద్దదవుతుంది, ఫోకస్ తప్పు కూడా అంత పెద్దదై కంట్లో పడుతుంది.

పాత ఎస్సెల్లార్లలో గాజు మధ్యన ఒక చిన్న వలయం, అందులో అడ్డంగా చీలిన బొమ్మ ఉంటుంది. ఫోకస్ తప్పితే మనిషి ముక్కు సగం ఇటు, సగం అటు. రింగు తిప్పితే రెండు సగాలూ అతుక్కుంటాయి. నిజానికి ఇదీ చిన్న రేంజ్‌ఫైండరే. దీని రెండు కిటికీలు లెన్సు రెండు అంచుల్లో ఉంటాయి. కాబట్టి దీని పునాది లెన్సు రంధ్రం వెడల్పును మించదు. 200 మి.మీ. ఎఫ్/4 లెన్సుకు ఆ వెడల్పు 50 మి.మీ. 50 మి.మీ. ఎఫ్/1.4కు 36. 28 మి.మీ. ఎఫ్/2.8కు మాత్రం పదే! పైగా వెడల్పు లెన్సులో మనిషి గాజు మీద చీమంత కనిపిస్తాడు. అదే 28 మి.మీ. లెన్సును రేంజ్‌ఫైండర్‌కు తగిలిస్తే పునాది ఎప్పటిలాగే 50 మి.మీ., కిటికీలో మనిషి పరిమాణమూ మారదు.

నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. ఎస్సెల్లార్ చూపు లెన్సుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. రేంజ్‌ఫైండర్ చూపు ఎప్పుడూ ఒకటే. ఈ రెండు గీతలూ 50 నుంచి 90 మి.మీ. మధ్య ఎక్కడో కలుసుకుంటాయి. అంతకన్నా వెడల్పు లెన్సులతో, వెలుగు తక్కువైన చోట రేంజ్‌ఫైండర్‌ది పైచేయి. అంతకన్నా పొడవు లెన్సులతో ఎస్సెల్లార్‌ది. మిగతావన్నీ దీని మీద పడే చిల్లర లెక్కలు, కొన్నిసార్లు ఆ చిల్లరే పెద్ద మొత్తమవుతుంది.

వీధి సంగతి చూడండి. తిరునాళ్లలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, బోనాల ఊరేగింపులో 35 మి.మీ. లెన్సు పెట్టుకుని తిరిగే మనిషి ప్రతిసారీ ఫోకస్ చూసుకోడు. ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరాన్ని 3 మీటర్లకు బిగిస్తే దాదాపు 1.9 మీటర్ల నుంచి 7.3 మీటర్ల దాకా అంతా పదునే. అక్కడ నుంచి పని కంటిదీ కాళ్లదీ. రేంజ్‌ఫైండర్ కిటికీలో ఫోటో హద్దులు తెల్లగీతలుగా కనిపిస్తాయి, ఆ గీతల బయట లోకం కూడా కొంత కనిపిస్తుంది. కుడివైపు నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్నావిడ ఫ్రేములోకి అడుగుపెట్టక ముందే కంట్లో పడుతుంది. ఎస్సెల్లార్‌లో ఫ్రేము బయటంతా నల్లటి గోడ. ఆవిడ హఠాత్తుగా ఊడిపడుతుంది, మీట నొక్కేలోపు దాటిపోతుంది.

ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాఁ జీవితమంతా చిన్న లైకా, ఎక్కువగా 50 మి.మీ. లెన్సు, ఫ్లాష్ లేకుండా పనిచేశాడు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని కలిసి బయటికొచ్చిన కొద్దిసేపటికే హత్య జరిగింది. ఆ రాత్రి బిర్లా భవన్ గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న ఫోటో ఆయన తీసిందే. వెలుగు చాలదు, బొమ్మ మసక, అంచులు చెదిరాయి. అయినా అది చేతిలో పట్టుకుని తీయగలిగిన ఫోటో. అద్దం లేని కెమెరాకు లోపలి కుదుపు తక్కువ, చప్పుడూ తక్కువ. సెకనులో పదిహేనో వంతు షట్టర్‌ను ఊపిరి బిగబట్టి నిలబెట్టేవాళ్లున్నారు. ఎస్సెల్లార్‌లో అద్దం టప్పున పైకి కొట్టుకునే దెబ్బకు ఆ వేగం దగ్గర చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా బొమ్మ వణికే ప్రమాదం ఎక్కువ.

ఎం3 వచ్చిన 1954లోనే, జపాన్‌లో ఆసాహీఫ్లెక్స్ 2బి అనే ఎస్సెల్లార్ కూడా వచ్చింది. అంతకు ముందు చాలా ఎస్సెల్లార్లలో పైకి లేచిన అద్దం, రీలును తర్వాతి ఫోటోకు తిప్పేదాకా కిందికి దిగేది కాదు. ఒక ఫోటో తీయగానే లోకం మాయమైపోయేది. 1936లో డ్రెస్డెన్‌లో పుట్టిన కినె ఎక్జాక్టాలోనైతే పైనుంచి తల వంచి చూడాలి, కుడి ఎడమలు తారుమారు. పరుగెత్తే పిల్లాడు కుడికి పోతుంటే కెమెరాను ఎడమకు తిప్పేవాళ్లు. 1949లో కాంటాక్స్ ఎస్ ఐదు పలకల పట్టకాన్ని పెట్టి బొమ్మను సరిచేసింది. ఆసాహీఫ్లెక్స్ అద్దాన్ని వెంటనే దింపింది. ఆ సుగుణాలన్నీ ఒక గట్టి ఒంట్లో కలిపి 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. అది కొత్తగా పుట్టిందీ కాదు. నికాన్‌వాళ్ల సొంత రేంజ్‌ఫైండర్ ఎస్‌పీ ఒంటిని తీసుకుని మధ్యలో అద్దం పెట్టారు. తర్వాత పత్రికల వాళ్ల మెడల్లో లైకాల పక్కన నికాన్లు వేలాడాయి. ఒకే మనిషి రెంటినీ వేసుకునేవాడు: వెడల్పు లెన్సు లైకాకు, పొడుగు లెన్సు నికాన్‌కు. జ్యామితి చెప్పిందే అనుభవమూ చెప్పిందన్నమాట.

కంటికీ లెన్సుకూ సంబంధం లేకపోవడం ఒక్కోసారి వరమే. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరుగుతూ తీసిన రంగుల ఫోటోలు ఆన్‌స్కో ఆటోసెట్ అనే మామూలు దుకాణంలో దొరికే రేంజ్‌ఫైండర్‌తో తీసినవి, తయారీ మినోల్టాది. శిరస్త్రాణం పెట్టుకున్న మనిషి కన్ను కెమెరాకు ఆనదు. నాసావాళ్లు కెమెరాను తలకిందులు చేసి, పిస్తోలు పిడి తగిలించి, చూడ్డానికి మరో కిటికీ అమర్చారు. ఎస్సెల్లార్‌ను అలా విరగ్గొట్టి అతికించడం అంత తేలిక కాదు.

పొడుగు లెన్సుల విషయానికొద్దాం. ఇక్కడ వాదనే లేదు. నెల్లూరు వైపు నేలపట్టులో చెట్ల మీది గూడబాతులను తీయాలన్నా, క్రికెట్ మైదానం అంచు నుంచి బ్యాట్స్‌మన్ ముఖం పట్టాలన్నా 300, 400 మి.మీ. లెన్సు కావాలి, దాన్ని ఎస్సెల్లారే మోయగలదు. గ్రహణాల సంగతి మరీ స్పష్టం. ఫిల్ము మీద సూర్యబింబం ఎంత పెద్దదిగా పడుతుందో తెలియాలంటే నాభ్యంతరాన్ని 110తో భాగించాలి. 50 మి.మీ. లెన్సుతో సూర్యుడు అర మిల్లీమీటరు కూడా ఉండడు, ఫిల్ము మీద గసగస గింజ. 500 మి.మీ.తో నాలుగున్నర మి.మీ. ఫ్రేము ఎత్తు 24 మి.మీ. కాబట్టి చుట్టూ సూర్యుడి కిరీటానికి (కరోనాకు) చోటుంటుంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణపు నీడ తెలంగాణ మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలో పడింది. అటువంటి రోజున నీడ దారిలో నిలబడ్డ మనిషి చేతిలో ఉండాల్సింది ఎస్సెల్లార్, పొడుగు లెన్సు, స్టాండు, లెన్సుకు ముందు వైపున సౌర ఫిల్టరు. ఆ ఫిల్టరు లేకుండా పాక్షిక గ్రహణాన్ని ఎస్సెల్లార్‌లోంచి చూస్తే కంటి తెర కాలిపోతుంది. ఫోటోగ్రఫీలో చూపు పోగొట్టుకునే దారులు తక్కువ, వాటిలో ఇదొకటి.

సూర్యుడితో రేంజ్‌ఫైండర్‌కూ ఒక ప్రమాదం ఉంది. ఎస్సెల్లార్‌లో లెన్సు వెలుగుకు అద్దం అడ్డం ఉంటుంది. లైకాలో లెన్సు వెనక వెంటనే రబ్బరు పూసిన గుడ్డ షట్టర్. మూత తీసి, అనంత దూరానికి ఫోకస్ పెట్టిన కెమెరాను మెడలో పైకి చూసేలా వదిలి ఎండలో నిలబడితే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు లెన్సు ఆ గుడ్డకు చిల్లు పెడుతుంది. తర్వాత ప్రతి ఫోటోలోనూ ఒక తెల్లచుక్క. మన ఎండలకు ఇది ఉత్త మాట కాదు.

ఇక దగ్గరి వస్తువులు. తుమ్మెద, తాళపత్రం మీది అక్షరం, పట్టుచీర అంచు, పాత ఫోటోకు నకలు, వీటికి ఎస్సెల్లార్ తప్ప మరోటి వద్దు. ఎం3 కాలపు లెన్సుల్లో చాలావి మీటరు కన్నా దగ్గరికి ఫోకస్ అయ్యేవి కావు, తర్వాత 70 సెం.మీ.కు దిగాయి. పైగా కన్ను చూసే కిటికీ లెన్సుకు పైన, పక్కన ఉంటుంది. దూరాన అది లెక్కలోకి రాదు; దగ్గర్లో కన్ను చూసింది ఒకటి, ఫిల్ము మీద పడింది మరొకటి. ఎం3లో గీతలు ఫోకస్‌తో పాటు జరిగి కొంత సర్దుతాయి, అంతవరకే. లైకావాళ్లు విజోఫ్లెక్స్ అనే అద్దాలపెట్టె తయారుచేసి కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించారు, అంటే దొడ్డిదారిన ఎస్సెల్లార్ చేశారు. ఓటమిని ఇంత ఖరీదైన ఇత్తడితో ఒప్పుకున్నవాళ్లు తక్కువ.

కొండలు, కోటలు, గుడి గోపురాలు తీసే వెడల్పు లెన్సుల్లో మరో రహస్యం ఉంది. ఎస్సెల్లార్‌లో అద్దం ఊగడానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్‌లో లెన్సు బిగించే అంచు నుంచి ఫిల్ముకు 46.5 మి.మీ. లైకా ఎంలో 27.8. 21 మి.మీ. లెన్సు ఫిల్ముకు దగ్గరగా కూర్చోవాలని కోరుతుంది. లుడ్విగ్ బెర్టెలె 1954లో జైస్‌కు రూపొందించిన 21 మి.మీ. బియోగాన్ లెన్సు వెనక గాజు దాదాపు ఫిల్మును తాకేంత దగ్గరికి పోతుంది. భవనాల గీతలు కొలబద్ద పెట్టి గీసినట్టుంటాయి. నికాన్‌వాళ్లు తొలిరోజుల్లో తమ 21 మి.మీ. లెన్సును ఎఫ్‌కు తగిలించాలంటే అద్దాన్ని పైకి లేపి కట్టేయమన్నారు. అప్పుడిక ఎస్సెల్లార్ కూడా గుడ్డిదే, పైన విడిగా కిటికీ పెట్టుకోవాలి! తర్వాత వెనక చోటు వదిలే లెన్సులు బాగుపడ్డాయి గానీ అవి లావు, బరువు. మరోవైపు, ఆకాశం నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టరును తిప్పుతూ ఫలితం చూసుకోవాలంటే ఎస్సెల్లారే సుఖం. నలుపు తెలుపు ఫిల్ముకు ఎర్ర ఫిల్టరు పెట్టినప్పుడు మాత్రం ఎస్సెల్లార్‌లో లోకమంతా ఎర్రటి చీకటి, రేంజ్‌ఫైండర్ కిటికీకి ఆ బాధ లేదు.

కొన్నిసార్లు చిల్లరే పెద్ద మొత్తమవుతుందని అన్నాను కదా, పెళ్లిళ్ల దగ్గర జరిగేది అదే. మిట్టమధ్యాహ్నం పందిరి అంచున, వెనక ఎండ, ముఖం మీద నీడ. ఫ్లాష్ వేయాలి. నికాన్ ఎఫ్ వంటి కెమెరాల్లో షట్టర్ రెండు తెరలు; మొదటిది పరుగెత్తి తెరుస్తుంది, రెండోది వెంటాడి మూస్తుంది. వేగం పెరిగితే మొదటి తెర చివరికి చేరకముందే రెండోది బయల్దేరుతుంది, ఫిల్ము మీద సన్నటి చీలిక మాత్రమే కదులుతుంది. క్షణకాలపు ఫ్లాష్ ఆ చీలికంత మేరకే పడుతుంది. అందుకే ఫ్లాష్‌కు 1/60 దాటకూడదు. 100 వేగం ఫిల్ముతో మన ఎండలో 1/60 అంటే ఎఫ్/16 కన్నా బిగించాలి, ఫ్లాష్ చాలదు. కానోనెట్ క్యూఎల్17 జీ3 (1972) వంటి లెన్సు విడదీయరాని రేంజ్‌ఫైండర్లలో షట్టర్ లెన్సులోనే రేకుల్లా ఉండి ఒకేసారి తెరుచుకుంటుంది, 1/500 దగ్గర కూడా ఫ్లాష్ పూర్తిగా పడుతుంది. ఎఫ్/8కి రావచ్చు, అదే ఫ్లాష్ రెట్టింపు కన్నా ఎక్కువ దూరం పోతుంది. పైగా ఫ్లాష్ వెలిగిన క్షణంలో ముఖాలు కిటికీలో కనిపిస్తాయి. ఎవరు కళ్లు మూశారో అక్కడికక్కడే తెలిసిపోతుంది, మళ్లీ తీయొచ్చు. ఎస్సెల్లార్‌తో తీసేటప్పుడు కిటికీలో ఫ్లాష్ మెరుపు కనబడిందంటే అది ఫిల్ముకు అందలేదని అర్థం. ఇన్ని సుగుణాలున్నా మన పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా ఎస్సెల్లార్లనే నమ్ముకున్నారు. తలంబ్రాల చేతులను దగ్గరగా, వేదిక మీది జంటను దూరం నుంచి ఒకే జూమ్ లెన్సుతో పట్టుకోవాలంటే మరో దారి లేదు. పైగా 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 ఫ్లాష్ వేగాన్ని 1/200కు, రెండేళ్లకు 1/250కు పెంచి ఆ చిక్కును చాలావరకు తీర్చింది.

1985లో మినోల్టా 7000 వచ్చాక ఎస్సెల్లార్లు విరివిగా ఫోకస్‌ను తామే చూసుకోసాగాయి. లెన్సు రెండు అంచుల నుంచి వచ్చే బొమ్మలను పోల్చి, అవి ఎంత ఎడంగా ఉన్నాయో కొలవడమే అందులోని సూత్రం. యమాటో మీది పదిహేను మీటర్ల గొట్టం పని మిల్లీమీటర్లకు కుదించుకుపోయి ఎస్సెల్లార్ కడుపులో చేరింది.

ఇప్పుడు పాత కెమెరా కొనాలనుకునేవారికి. నేర్చుకునేవాళ్లకు పెంటాక్స్ కె1000 (1976 నుంచి 1997 దాకా తయారైంది) లాంటి ఎస్సెల్లార్ మొదట కొనమంటాను. బ్యాటరీ పోయినా వెలుగు కొలిచే ముల్లు తప్ప అన్నీ పనిచేస్తాయి. చేతిలో ఎప్పుడూ ఉండేందుకు ఒక కానోనెటో యాషికా ఎలక్ట్రో 35నో తర్వాత చూసుకోవచ్చు. పాత రేంజ్‌ఫైండర్లలో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు పడేవి, ఇప్పుడవి దొరకవు. వాటి స్థానంలో 1.5 వోల్టులవి పెడితే వెలుగు లెక్క తప్పొచ్చు. రీలు ఎక్కించేముందు తెలిసిన కెమెరాతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

రేంజ్‌ఫైండర్ కొనేటప్పుడు ఫోకస్ రింగును అనంత దూరం గుర్తుకు తిప్పి, దూరంగా ఉన్న సెల్ టవర్‌నో రాత్రయితే చంద్రుణ్నో చూడండి. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. పక్కకు జరిగి ఉంటే దూరమాపకం తప్పింది, బాగుచేయించుకోవచ్చు. ఒకటి పైన ఒకటి కింద ఉంటే కెమెరా ఎప్పుడో కిందపడి ఉండొచ్చు. రెండో బొమ్మ వెలిసిపోయి కనిపించకపోతే లోపలి పూత పోయింది, ఆ పని ఖరీదు. ఎస్సెల్లార్‌లో అద్దం తగిలే చోట నురుగు పట్టీ జిగురుగా మారిందేమో వేలితో చూడండి, మార్చడం చౌక. లెన్సును విప్పి, వెనక నుంచి టార్చి వేసి బూజు ఉందేమో చూడండి. తీరప్రాంతపు తేమలో ఇళ్లలో ఉన్న లెన్సులకు ఇది మామూలే, సాలెగూడులా కనిపిస్తే వదిలేయండి. పైపట్టకంలో నల్లటి మరకలు కనిపిస్తే మాత్రం బెంగ వద్దు. అవి చూపుకు అడ్డమే గానీ ఫోటో మీద పడవు. ధర తగ్గించమని అడగడానికి బాగా పనికొస్తాయి.